తండ్రి మాట, కొడుకు కాగితం

రాయబారం అనగానే మన తెలుగువాళ్ళ కళ్ళకి కట్టేది శ్రీకృష్ణుడే. తిరుపతి వేంకట కవుల నాటకాల పుణ్యమా అని, పడకసీను మొదలుకొని కౌరవసభ దాకా ఆ రాయబారం మనకి కంఠతా వచ్చు. అయితే ఆ రాయబారికి ఒక సుఖం ఉంది. ఆయన దేవుడు. సంధి పొసగదని బయల్దేరకముందే ఆయనకి తెలుసు. మనుషులైన రాయబారులకి ఆ సుఖం లేదు. వాళ్ళు నమ్మి వెళ్ళాలి. నమ్మకం వమ్మయిన రోజున నలుగురిచేతా మాట పడాలి. ఆ నలుగురిలో కన్నతండ్రి కూడా ఉంటే? ఆ తండ్రి దేశానికే పెద్ద అయితే?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. మన తెలుగు కుటుంబం ఒకదానిలో నిజంగా జరిగిందే. ఆ తండ్రి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఆ కొడుకు సర్వేపల్లి గోపాల్‌గారు. తండ్రి పోయిన పద్నాలుగేళ్ళకి, 1989లో, కొడుకు ఇంగ్లీషులో ఆయన జీవితచరిత్ర రాశారు. ‘రాధాకృష్ణన్: ఎ బయోగ్రఫీ’ అని దాని పేరు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఏటేటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవానికి మనం రాధాకృష్ణన్‌గారి ఫోటోకి దండ వేస్తాం. దండ కింద ఉన్న మనిషిని చూడాలంటే మాత్రం ఈ పుస్తకమే తెరవాలి.

ముందు కొడుకు సంగతి. రాధాకృష్ణన్, శివకాము దంపతులకి ఐదుగురు ఆడపిల్లలు, ఒక్కగానొక్క మగపిల్లవాడు. ఆ పిల్లవాడు 1923లో పుట్టాడు. తండ్రి 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. కొడుకు ఆక్స్‌ఫర్డులో చదువుకుని, అదే వాల్తేరులో చరిత్ర పాఠాలు చెప్పారు. మా నర్సీపట్నం వాళ్ళకి పెద్ద చదువంటే ఇప్పటికీ వాల్తేరే కాబట్టి, ఈ తండ్రీకొడుకులు మాకు మరీ పరాయివాళ్ళుగా అనిపించరు. ఆ తర్వాత 1954లో గోపాల్‌గారు ఢిల్లీలో విదేశాంగ శాఖ చరిత్ర విభాగానికి డైరెక్టరయ్యారు. పన్నెండేళ్ళు అక్కడే ఉన్నారు. ఏ దేశానికీ రాయబారిగా వెళ్ళలేదు గానీ, రాయబారులు ఏ కాగితాలు పట్టుకుని మాట్లాడాలో చూసిపెట్టే పని ఆయనది.

ఆ 1954 ఎలాంటి ఏడాదో గుర్తుందా? చైనాతో పంచశీల ఒప్పందం మీద సంతకాలు పెట్టిన ఏడాది. ‘హిందీ చీనీ భాయి భాయి’ అన్న రోజులు. యుద్ధాలు మాని, మాటలతోనే ప్రపంచాన్ని నడపవచ్చునని నెహ్రూ నమ్మిన రోజులు. ముప్ఫై ఒక్క ఏళ్ళ గోపాల్‌గారు ఆ నమ్మకం ఇంట్లో అడుగుపెట్టారు. నెహ్రూ మీద ఆయనకున్న అభిమానం జీవితాంతం చెక్కుచెదరలేదు.

నమ్మకం ఆ కుటుంబానికి కొత్త కాదు. తండ్రి 1949 నుంచి 1952 దాకా మాస్కోలో మన రాయబారి. ఉపనిషత్తుల పండితుణ్ణి స్టాలిన్ దగ్గరికి పంపడమేమిటని నవ్వినవాళ్ళున్నారు. పగలల్లా మంచం మీదే పడుకుని పుస్తకాలు రాసుకునే రాయబారి అని మాస్కోలో చెప్పుకునేవారట. అయితే అంతకుముందున్న విజయలక్ష్మీ పండిట్‌గారికి దొరకని స్టాలిన్ దర్శనం ఈయనకి 1950 జనవరిలో ఒక రాత్రివేళ దొరికింది. కళింగ యుద్ధం తర్వాత మారిపోయిన అశోకుడి కథ ఆయన స్టాలిన్‌కి చెప్పారని, 1952 ఏప్రిల్లో సెలవు తీసుకునేటప్పుడు ఆయన చెంప నిమిరారని కథలుగా చెబుతారు. 1957లో చైనా వెళ్ళినప్పుడు మావో చెంప కూడా అలాగే తట్టారట. ఇవన్నీ వినడానికి ముచ్చటగానే ఉంటాయి. మనిషి ఎంతటివాడైనా ఒక మంచి మాటకి కరుగుతాడన్న విశ్వాసం వాటిలో ఉంది. ఆ విశ్వాసానికి దేశాలు కరుగుతాయా అన్నదే అసలు ప్రశ్న. 1950లో కొరియా యుద్ధం ఆపాలని నెహ్రూ స్టాలిన్‌కీ అమెరికాకీ ఉత్తరాలు రాస్తే, అమెరికా ఒప్పుకోలేదు. యుద్ధం మరో మూడేళ్ళు సాగింది.

కొడుకు వంతు 1959లో వచ్చింది. లడఖ్‌లో అక్సాయ్‌చిన్ అనే మంచు ఎడారి మీదుగా చైనా రోడ్డు వేసేసింది. ఆ భాగంలో సరిహద్దు స్పష్టంగా గుర్తించి లేదని నెహ్రూకే కొంత అనుమానం ఉండేది. పార్లమెంటులోనూ ఆ మాట దాచలేదు. అప్పుడు గోపాల్‌గారు లండన్ వెళ్ళి, ఇండియా ఆఫీసులో పాత పటాలు, దస్తావేజులు తిరగేసి వచ్చారు. మన హక్కే బలమైనదని నెహ్రూకి చెప్పారు. నెహ్రూ అనుమానం తీరింది. 1960 ఏప్రిల్లో చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి, ఏమీ తేలకుండానే తిరిగి వెళ్ళాడు. తర్వాత ఉభయ దేశాల అధికారులు పీకింగులో, ఢిల్లీలో, రంగూన్‌లో కూర్చుని కాగితాలకి కాగితాలు ఎదురుపెట్టుకున్నారు. మన బృందంలో గోపాల్‌గారూ ఉన్నారు. 1961 ఫిబ్రవరిలో ఆ నివేదిక అచ్చయింది. ఎవరి కాగితాలు ఎంత బలమో అందులో ఉంది. కానీ ఎవరి సైన్యం ఎక్కడుందన్న మాటే చివరికి గెలిచింది. 1962 అక్టోబరు 20న యుద్ధం వచ్చిపడింది.

మా నర్సీపట్నం మన్యానికి గుమ్మంలాంటి ఊరు. పట్టా ఒకరిది, సాగు ఒకరిది అయిన భూముల గొడవలు ఇక్కడ కొత్త కావు. తాతల కాలం నుంచి పోడు కొట్టుకుని బతుకుతున్నవాడి చేతిలో చిన్న చీటీ కూడా ఉండదు. ఎన్నడూ నాగలి పట్టనివాడి దగ్గర స్టాంపులతో సహా దస్తావేజు ఉంటుంది. గట్టు తగాదాల్లో కాగితం అవసరమే గానీ, కాగితమే భూమి కాదని ఇక్కడి ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. లండన్ నుంచి తెచ్చిన కాగితాలు ప్రధాని అనుమానాన్ని తీర్చాయి. ఆ అనుమానం ఇంకొన్నాళ్ళు మిగిలి ఉంటే బేరానికి కాస్త చోటుండేదేమోనని తర్వాత విమర్శకులు అన్నారు. 1970లో నెవిల్ మాక్స్‌వెల్ ఏకంగా తప్పంతా మనదేనని పుస్తకం రాశాడు. అంత మాట ఒప్పుకోనక్కర్లేదు. గోపాల్‌గారు అబద్ధపు కాగితం చూపించలేదు. కానీ ఆదర్శవాదికి ఒక్కోసారి అనుమానం శత్రువు కాదు, చుట్టం అన్నది మాత్రం ఈ కథ చదివితే తోచకమానదు.

ఇక తండ్రి. 1962 మే నుంచి ఆయన రాష్ట్రపతి. రైసినా కొండ మీద రాష్ట్రపతి భవనం, దాని ముంగిట్లోనే ప్రభుత్వ కార్యాలయాలు. యుద్ధంలో దెబ్బ తినగానే రాధాకృష్ణన్‌గారు మొహమాటపడలేదు. మనవాళ్ళు గుడ్డిగా నమ్మారని, అజాగ్రత్తగా ఉన్నారని బాహాటంగానే అన్నారు. రక్షణమంత్రి కృష్ణమీనన్ ఆ నవంబరులో పదవి వదులుకోవలసి వచ్చింది. రాష్ట్రపతిగా ఆ మాట అనడం ఆయన ధర్మమే. కానీ అది ఎవరికి తగిలింది? నెహ్రూకి తగిలింది. నెహ్రూని నమ్ముకున్న శాఖకి తగిలింది. ఆ శాఖలో పటాలు ముందేసుకుని కూర్చున్న సొంత కొడుక్కీ తగిలే ఉండాలి. మావో చెంప తట్టిన చెయ్యే ఐదేళ్ళు తిరిగేసరికి, ‘ఎందుకు నమ్మారు?’ అని వేలెత్తి చూపించింది. తండ్రులు అంతేనేమో. తాము నమ్మినప్పుడు అది ఔదార్యం, పిల్లలు నమ్మితే అది అమాయకత్వం!

నెహ్రూ 1964లో పోయారు. గోపాల్‌గారు 1966లో శాఖ వదిలి ఆక్స్‌ఫర్డుకీ, తర్వాత ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ వెళ్ళి పాఠాలు చెప్పుకున్నారు. రాధాకృష్ణన్‌గారు 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. అదే ఏడాది గోపాల్‌గారి నెహ్రూ జీవితచరిత్ర మొదటి సంపుటం వచ్చింది. దానికి 1976లో సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చింది. రెండోది 1979లో, మూడోది 1984లో. వరస గమనించారా? ముందు నెహ్రూకి మూడు సంపుటాలు, ఆ తర్వాత తండ్రికి ఒక్కటి. తన గురువు చేసిన పనిని మెచ్చని తండ్రి గురించి కలం పట్టడానికి కొడుక్కి అంత వ్యవధి కావలసి వచ్చిందని నాకనిపిస్తుంది.

పట్టిన కలాన్ని మాత్రం ఆయన వంచలేదు. ఈ పుస్తకం గొప్పతనం అదే. తండ్రి అసమ్మతిని చిన్నది చేసి, ‘పెద్దవారు, అప్పటి ఆవేశంలో అన్నారు’ అని దాటెయ్యలేదు. నెహ్రూ పక్షాన నిలబడి తండ్రి మీద కసి తీర్చుకోనూ లేదు. ఇద్దరు పెద్దవాళ్ళూ తమతమ చోట్ల కనిపిస్తారు. మన ఇళ్ళలో ఇది ఎంత కష్టమో ఆలోచించండి. తండ్రి ఒకమాట మెచ్చుకోకుండా పోతే, ఆ మాట కూతురికో కొడుక్కో జన్మంతా చెవిలో మోగుతూనే ఉంటుంది. బతికుంటే వాదించవచ్చు, అలగవచ్చు, చివరికి రాజీపడవచ్చు. పోయినవారితో ఏ సంధీ కుదరదు. ఏ రాయబారమూ అక్కడిదాకా వెళ్ళదు. ఆ తీరని తగాదాని ఏళ్ళ తరబడి మోసి, చివరికి న్యాయంగా రాయడానికి చాలా నిబ్బరం కావాలి.

అంతకంటే సంచలనం కలిగించింది ఇంకొకటుంది. తండ్రికి ఇతర స్త్రీలతో సంబంధాలుండేవని, తల్లి వాటిని మౌనంగా భరించిందని గోపాల్‌గారు దాచకుండా రాశారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా వీధిలో పిన్నిగారొకరు బుగ్గలు నొక్కుకున్నారు. “అదేమిటే అమ్మాయ్, కన్నకొడుకై ఉండి తండ్రి మీద అలా రాస్తాడా? తద్దినం నాడు ఏ మొహం పెట్టుకుని పిండం పెడతాడు?” అన్నారు. “తల్లికీ పెట్టాలి కదా పిన్నిగారూ,” అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, “అవునే, అదీ నిజమే,” అన్నారు.

నా ఫిర్యాదు అసలు ఇక్కడే ఉంది. కొడుకు తండ్రి గుట్టు చెప్పాడన్నది నా ఫిర్యాదు కాదు, తల్లి గొంతు మనకి వినిపించలేదన్నది. శివకాముగారికి 1903లో పెళ్ళయ్యేనాటికి పదేళ్ళ వయసు. ఆరుగురు బిడ్డల్ని పెంచి, 1956లో పోయారు. భర్త తత్వవేత్త, రాయబారి, ఉపరాష్ట్రపతి అయ్యారు. ఆయన ఉత్తరాలున్నాయి, ఉపన్యాసాలున్నాయి, దస్త్రాలున్నాయి. ఆవిడవి ఏమున్నాయి? వంటింటి పొగలో పలికిన మాటల్ని ఏ ఇండియా ఆఫీసు దాచిపెట్టింది? కొడుకు చరిత్రకారుడు. కాగితం ఉన్నచోట ఆయన్ని మించిన న్యాయమూర్తి లేరు. కాగితం లేనిచోట ఆయన ఆగిపోయారు. అక్సాయ్‌చిన్ విషయంలోనూ, అమ్మ విషయంలోనూ అదే పద్ధతి, అదే బలం, అదే లోపం. ‘మౌనంగా భరించింది’ అన్న రెండు మాటల్లో ఒక నిండు జీవితం ఇమిడిపోయింది. మౌనం అనేది కొడుక్కి వినిపించింది. ఆ మౌనంలో కోపముందో, జాలి ఉందో, నవ్వే ఉందో మనకి తెలియదు. ఆ ఇంట్లో ఐదుగురు కూతుళ్ళున్నారు. వాళ్ళలో ఒకరు కలం పట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో!

గోపాల్‌గారు 2002 ఏప్రిల్లో చెన్నైలో పోయారు. నమ్మినదాన్ని నమ్మానని, మెచ్చనిదాన్ని మెచ్చలేదని రాసి వెళ్ళడం చిన్న సంగతి కాదు. ఈ పుస్తకం ఇంగ్లీషులో ఉంది కదా అని వదిలెయ్యకండి. ఇంట్లో చదువుకున్న అమ్మాయి ఉంటే ఆదివారం మధ్యాహ్నాలు కాస్త కాస్త చదివి చెప్పించుకోండి. తండ్రి అధ్యాయాలు అయ్యాక, మీ అమ్మగారు గానీ అత్తగారు గానీ ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని రెండు సంగతులు అడిగి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. తేదీలతో సహా రాయండి. రేపు మన పిల్లల్లో ఎవరైనా చరిత్రకారులైతే వాళ్ళకి ఆ కాగితం కావలసివస్తుంది.