పకారం హకారమైన చోట

పరభాషా చిత్రానికి తెలుగు మాటలు రాసేటప్పుడు అర్థంతో సమానంగా పట్టించుకోవలసినది నటుల పెదవుల కదలిక. జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో లిప్ సింక్ అని పిలిచే ఈ పొందిక ప్రధానంగా ప, బ, మ అనే ఓష్ఠ్యాల మీద, అంటే రెండు పెదవులూ కలిస్తే తప్ప పలకని హల్లుల మీద ఆధారపడుతుంది. నోటిలోపల నాలుక చేసే పని ప్రేక్షకుడికి కనిపించదు గాని, పెదవులు మూతపడటం క్లోజప్‌లో ఇట్టే తెలిసిపోతుంది.

కె.జి.ఎఫ్. (2018), కాంతార (2022) వంటి కన్నడ చిత్రాలను తెలుగు చేసేటప్పుడు ఈ పనికి భాషాచరిత్ర నేరుగా అడ్డు తగులుతుంది. కన్నడ పాత్ర ‘హోగు’ అన్నప్పుడు దానికి పుట్టుకలోనే తోబుట్టువైన తెలుగు మాట ‘పో’. అయినా నటుడి నోరు తెరుచుకుని మొదలవుతుంది కాబట్టి, పెదవులు మూసి పలకవలసిన ‘పో’ అక్కడ అతకదు, ‘వెళ్ళు’ అతుకుతుంది. హాలు–పాలు, హులి–పులి, హళ్ళి–పల్లె జంటలన్నిటిలోనూ కనిపించేది ఇదే తేడా. పాత కన్నడంలో పదాది పకారమే ఉండేది. సుమారు 10వ శతాబ్దం నుంచి అది క్రమంగా హకారమైంది. వెన్న–బెణ్ణె, వేరు–బేరు జంటల్లో సంగతి తలకిందులవుతుంది: తెలుగులో వకారం నిలిచింది, కన్నడంలో పెదవులు మూతపడే బకారం వచ్చింది.

ఇలాంటి మార్పు ఒక మాటకు పట్టిన తెగులు కాదు, అదే స్థితిలో ఉన్న మాటలన్నిటికీ వర్తించే సూత్రమని ఐరోపా పండితులు జర్మానిక్ భాషల్లో గుర్తించారు. ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల కుటుంబమే జర్మానిక్. సంస్కృతం నిలుపుకొన్న పకారం ఆ భాషల్లో ఫకారమైందని పితృ–ఫాదర్, పాద–ఫుట్ జంటలు, దకారం టకారమైందని ద్వి–టూ, దశ–టెన్ జంటలు చూపుతాయి. రాస్ముస్ రాస్క్ 1818లో గమనించిన ఈ సంబంధాలను యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రబద్ధం చేశాడు. అంతకు ముందే, 1816లో, తెలుగు, తమిళ, కన్నడాలు ఒకే కుటుంబానివని మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించాడు. 1961లో వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథం తెలుగు ధాతువుల ధ్వని చరిత్రను అంతే కట్టుదిట్టంగా నిర్ధారించింది.

సూత్రానికి మినహాయింపులు కూడా నియమబద్ధంగానే ఉంటాయి. జర్మానిక్‌లో సకారం తర్వాతి తకారం మారలేదు కాబట్టి సంస్కృత ‘అస్తి’కి జర్మన్‌లో ‘ఇస్ట్’ మిగిలింది. కన్నడంలో ద్విత్వ పకారం మారలేదు కాబట్టి ఉప్పు, తప్పు రెండు భాషల్లోనూ ఒకటే. తెలుగు కూడా మారని భాషేమీ కాదు: కివి, కెరె, కెడు అనే కన్నడ మాటలకు దీటైన చెవి, చెరువు, చెడు మాటల్లో ఇ, ఎ అచ్చుల ముందరి కకారం చకారమైంది. దీనినే తాలవ్యీకరణం అంటారు. ఇక్కడ పాత రూపాన్ని నిలుపుకొన్నది కన్నడమే.

కాబట్టి పొరుగు భాష ఉచ్చారణను అపభ్రంశమని చిన్నచూపు చూడటానికి ఆధారం లేదు. డబ్బింగ్ రచనలో తర్ఫీదు ఇచ్చేవారు ఈ నాలుగైదు ధ్వని సూత్రాలను మొదటి పాఠంగా చెప్పాలి. వాటిని ఎరిగిన రచయితకు ఏ మాట పెదవులకు అతకదో, ఎందుకు అతకదో థియేటర్‌లో అడుగుపెట్టక ముందే తెలుస్తుంది.