ఆవిరియంత్రము వదలిపోయిన బాట

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున, గోల్డెన్‌గేట్ వంతెన కావల, 2,571 అడుగుల ఎత్తున నిలిచియున్న టామల్పయస్ గిరిప్రాంతము పర్వత సైకిలునకు జన్మస్థానమని లోకము చెప్పుకొనును. అయితే ఆ జన్మవృత్తాంతమును చెప్పువారందరును దిగుటనే కీర్తింతురు. 1976లో ఆ ప్రాంతపు ఫెయిర్‌ఫాక్స్ అను ఊరి చెంత కొందరు యువకులు పాత బరువు సైకిళ్లపై ఏటవాలు మట్టిబాటవెంట పందెములాడి దిగిరనియు, ఒక్క దిగుడుతోనే వెనుకచక్రపు బ్రేకులోని గ్రీజు కాగి పొగయై పోగా మరల కూరవలసివచ్చినందున ఆ బాటకు ‘రీప్యాక్’ అను పేరు నిలిచెననియు ముచ్చటగా చెప్పుదురు. ఆ సైకిళ్లను నెట్టుకొనియో, మోటారుబండి కెక్కించియో పైకి చేర్చిరన్న సంగతి మాత్రము ఎవరికిని పట్టదు. ఎక్కలేని సైకిలు పర్వత సైకిలెట్లగును?

నా మట్టుకు దాని పుట్టుక గేర్లతోనే జరిగినది. 1974 డిసెంబరులో ఆ కొండ పాదముననున్న మిల్‌వ్యాలీ అను ఊరిలో జరిగిన ఒక పందెమునకు, కూపర్టినోనుండి వచ్చిన కుర్రవాండ్రు లావుటైర్ల సైకిళ్లకు గేర్లు తగిలించి తెచ్చిరి. రీప్యాక్ పందెగాండ్రలో ఒకడైన గేరీ ఫిషర్ కూడ ఆ దశాబ్దములోనే తన పాత ష్విన్ సైకిలునకు అట్టివి అమర్చెను.

ఆరోహణమును అభ్యసింపగోరువానికి మిల్‌వ్యాలీనుండి సాగు ‘ఓల్డ్ రైల్‌రోడ్ గ్రేడ్’ను మించిన గురువు లేదు. 1896లో రైలుకై తొలచిన మార్గమది. ఎనిమిది మైళ్లలో 281 మలుపులు తిరుగుటచే, ప్రపంచములోకెల్ల వంకరదారి యని యజమానులే గర్వముగా చాటుకొనిరి. 1930లో రైలు నిలిచెను, పట్టాలు లేచిపోయెను, వాలు మిగిలెను. ఇంజను లాగగలుగుటకై నూరడుగులకు ఏడడుగులు మించనీయని ఆ వాలే మానవుని ఊపిరికిని సరిపోయినది.

ఇచట తొందర పనికిరాదు. మిట్ట కానవచ్చినంతనే, కాలిపై భారము పడకమునుపే, గేరు తగ్గింపవలెను. బలముగా తొక్కుచు మార్చబోయినచో చైను మొరాయించును. లేచి నిలిచి తొక్కుట వీరోచితముగ తోచునేగాని, వదులు కంకరపై వెనుకచక్రము బరువు చాలక గిర్రున తిరుగును. వెనుకకు జారి కూర్చున్నచో ముందుచక్రము తేలిపోవును. కావున సీటు ముందుకొసకు జరిగి, మోచేతులు వంచి, రొమ్మును హ్యాండిలువైపు దించి, దేహభారమును రెండు చక్రములకును పంచి, చూపును చక్రముకడ గాక ముందుబాటపై నిలిపి, పాదములను ఒకే లయలో త్రిప్పువాడు, ఎక్కుచున్నానను తలపైన లేక ఎక్కును. నడుమ దిగవలసివచ్చినచో, సైకిలును బాటకు ఏటవాలుగా నిలిపి మరల కదలుట మేలు.

లయ కుదిరినవానికే కన్నులకు తెరపి దొరకును. రెడ్‌వుడ్ నీడలు వెనుకబడి పొదలు మొదలగును. వేసవి ఉదయములందు సముద్రపు మంచు లోయలలోనే నిలిచిపోగా, పైని ఎండలో బాట ఆరియుండును. 1904లో కట్టిన వెస్ట్‌పాయింట్ సత్రము నేటికిని నడచియో సైకిలెక్కియో వచ్చువారికి విశ్రాంతినిచ్చుచున్నది.

ఈ కొండబాటలపై సైకిళ్లు గంటకు 15 మైళ్లు మించరాదని, వీనిని నిర్వహించు స్థానిక జలసంస్థవారి కట్టడి. ఎక్కుచు దానిని ఉల్లంఘించిన శూరుని నేనింకను చూడలేదు.