ప్రత్యామ్నాయ చరిత్ర కల్పన: ఔచిత్య విచారము
(జపాను వలసరాజ్య కథ, బోధను చెరకు సీమ)

జరిగిన చరిత్రను విడిచి, జరిగియుండదగిన చరిత్రను ఊహించి చెప్పు రచనలు పాశ్చాత్య భాషలలో ఒక ప్రత్యేక శాఖగా పెరిగినవి. ఆ శాఖలోని ఇతివృత్తములలో ఇది యొకటి: 17వ శతాబ్దిలో జపాను తన ద్వారములను మూసికొనక, సముద్రములపై నౌకలను నడిపి, యూరోపీయులవలె వలసరాజ్యములను స్థాపించియుండినచో లోకగతి ఎట్లుండెడిది? ఈ కల్పనయొక్క ఔచిత్యమును విచారించుట మా ఉద్దేశము. ఆ విచారమునకు నిజామాబాదు జిల్లాలోని బోధను చెరకు సీమను గీటురాయిగా గ్రహించుచున్నాము. జపాను కథకు బోధనుతో నేమి పని యని పాఠకులకు తోచవచ్చును. ఆ రెంటిని కలుపునది చెరకు.

మన ఆలంకారికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించిరి. రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలో కేవల కల్పనను కృత్రిమ రత్నముతోను, పూర్వకథను సానబట్టని రత్నముతోను, మిశ్రకథను సానబట్టిన జాతిరత్నముతోను పోల్చినాడు. ప్రత్యామ్నాయ చరిత్ర మిశ్రమున చేరును. అందలి వ్యక్తులు, స్థలములు ప్రఖ్యాతములు; ఫలము మాత్రము కల్పితము. విశ్వనాథవారి పురాణవైర గ్రంథమాల ఈ కోవలోనిదే యని కొందరికి తోచవచ్చునుగాని, అది సరికాదు. పురాణముల కాలగణనమే నిజమైనదను విశ్వాసముతో వ్రాయబడిన ఆ పండ్రెండు నవలలలోని వివాదము ప్రమాణమునకు సంబంధించినది. "అట్లయినచో" అను కథలోనో, అది జరుగలేదని కవికిని తెలియును, పాఠకునికిని తెలియును. కావున సత్యాసత్యములు దానికి పరీక్ష కాజాలవు. మిగిలినది క్షేమేంద్రుడు కావ్యమునకు జీవితమని చెప్పిన ఔచిత్యమొక్కటే. ఒక కారణమును మార్చినవాడు దానివెంట వచ్చు కార్యములనన్నిటిని అంగీకరింపవలెను. ఇదియే ఇచటి ఔచిత్యము.

ఈ ఇతివృత్తమునకు బీజము చరిత్రలోనే కలదు. టొయొటొమి హిదెయోషి 1592లోను 1597లోను కొరియాపై సేనలను పంపెను. 1591లో గోవాలోని పోర్చుగీసు రాజప్రతినిధికి లేఖ వ్రాసెను. ఫిలిప్పీను దీవుల స్పానిషు అధికారిని లొంగుమని కోరెను. 1604 మొదలు 1635 వరకు రాజముద్రాంకిత పత్రములతో సుమారు 350 నౌకాయాత్రలు ఆగ్నేయాసియాకు సాగినవి. మనీలాలోను, సయాము రాజధానియైన అయుత్థయలోను జపానీయుల వాడలు వెలసినవి. 1635లో వెలువడిన శాసనము జపానీయుల విదేశయాత్రను నిషేధించినది. ఆ యొక్క శాసనము లేదని ఊహించుట అనుచితము కాదు. ఇంతవరకు కల్పన బలముగా నిలుచుచున్నది.

దోషము ఆ తరువాత ప్రవేశించును. ఇట్టి కల్పనలు సాధారణముగా నౌకలను లెక్కించును, కోటలను గెలుచును, పటముపై రంగు మార్చును. గెలిచిన నేలపై ఏ పంట పండినది, దానిని ఎవరు పండించిరి, దానికి వెల ఎవరు కట్టిరి అను ప్రశ్నలు పుట్టకమునుపే కథ ముగియును. రాజ్యమును గెలుచునది నౌకయే కావచ్చును. దానిని నిలుపునది పంట. ఈ విషయమును మరచుటచేత కల్పకులు తమ కన్నులయెదుటనున్న నిదర్శనమును గూడ చూడజాలకున్నారు. ద్వారములు మూసికొనకమునుపే, 1609లో, సత్సుమా ప్రభువులు ర్యూక్యూ రాజ్యమును జయించి, అమామి దీవులను నేరుగా తమ వశము చేసికొనిరి. ద్వారములు మూసికొన్న తరువాతను వానిని విడువలేదు. 18వ శతాబ్దిలో అచటి పన్ను ధాన్యమునకు బదులు చక్కెర రూపమున వసూలగుట మొదలిడెను. వరిమడులు చెరకు తోటలైనవి. 1830లో చక్కెర క్రయవిక్రయములు సర్వము ప్రభుత్వ గుత్తాధికారమైనవి. ఋణగ్రస్తులైన కృషీవలులు పలువురు "యాన్చు" అను పేర దాస్యమున పడిరి. జపాను వలసరాజ్యము పూర్తిగా కల్పితము కాదన్నమాట. అది చిన్న దీవులలో చెరకు రూపమున జరిగియే యున్నది. మనీలా వైపు చూచు కల్పకుడు అమామిని దాటిపోవుచున్నాడు.

ఇక గీటురాయి. ప్రాచీన అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనమే బోధనని చారిత్రకుల అభిప్రాయము. ఆధునిక కాలమున ఆ సీమను మార్చినది నీరు. మంజీరానదిపై 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ నిర్మించినది. ఆ కాలువల క్రింద సేద్యము చేయుటకు కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి రైతులు వచ్చిరి. అచట అమ్మిన కొలది భూమి వెలతో ఇచట విస్తారమైన నేలను కొనిరి. వారి నివాసములు నేటికిని "క్యాంపు"లనియే పిలువబడుచున్నవి. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. దానిచుట్టు శక్కర్‌నగర్ వెలసినది.

దీనిని అమామితో సమానమని మేము చెప్పము. ఇచటి రైతు భూమిని కొన్నవాడు, స్వయముగ దున్నినవాడు; అచటివలె కృషీవలుని దాసునిగా మార్చు గుత్తపాలన ఇచట లేదు. అయినను చెరకునకొక స్వభావము కలదు. నరికిన గడ ఆగదు. ఆలస్యమైన కొలది అందలి చక్కెర తరిగిపోవును. వడ్లను గాదెలో పోసికొని మంచి వెలకై వేచియుండవచ్చును, చెరకును వేచియుంచరాదు. కావున గానుగ ఎవనిదో వాని చెప్పుచేతలలో రైతు ఉండును. 2002లో ప్రైవేటు యాజమాన్యమునకు చేరిన కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడగా, చుట్టుప్రక్కల చెరకు సేద్యము కుంచించుకొనిపోయినది. సైన్యము, నౌకలు లేకయే ఇంత జరుగగలిగినపుడు, అవి రెండును గల కల్పిత జపాను చెరకు దీవులలో ఏమి జరిగియుండెడిదో చెప్పని కథ సగము కథయే.

ఇందు భాషాసంబంధమైన విషయమొకటి కలదు. తెలుగున "వలస" యనగా బ్రతుకుతెరువునకై ఊరు విడుచుట. "వలసరాజ్య"మనగా పరుల నేలను ఏలుట. ఒకే పదము రెంటికిని చెల్లుచున్నది. నిజామాబాదు సీమలో క్యాంపులకు వచ్చినవారిదియు వలసయే, గల్ఫు దేశములకు పోవుచున్న కూలీలదియు వలసయే. ఏలుటకు పోయినవాని కథను తెలుగున వ్రాయువాడు ఈ పదమును అజాగ్రత్తతో వాడినచో, ఏలినవాడును ఆకలిగొన్నవాడును ఒక్కటే యగుదురు. అది కేవలము శబ్దదోషము కాదు, నీతిదోషము గూడ.

కావున ప్రత్యామ్నాయ చరిత్రను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలునని మా అభిప్రాయము: మార్చిన కారణము చరిత్రలో బీజమున్నదేనా? గెలిచిన నేలపై పంట యేది, గానుగ ఎవనిది? కథలో వలసపోయినవాడు ఏలుటకు పోయెనా, బ్రతుకుటకు పోయెనా? మొదటి ప్రశ్నకు జపాను కల్పన చక్కగా సమాధానమిచ్చుచున్నది. తక్కిన రెంటికిని సమాధానము చెప్పగల రచన తెలుగున పుట్టవలెనన్న, రచయితకు నౌకాచరిత్రముతోపాటు బోధను క్యాంపుల చరిత్రయు తెలియవలెను. ఆ క్యాంపుల వృద్ధుల నోటనున్న వృత్తాంతములను సేకరించి భద్రపరచుట పరిశోధక విద్యార్థులు తలపెట్టదగిన కార్యము.