వైద్యవ్యాసములలో వెబ్‌పేజీల ఆధారనిర్దేశము: వాంకూవర్ పద్ధతి

1978లో కొందరు వైద్యపత్రికా సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరమున సమావేశమై, పత్రికలకు పంపు వ్యాసములకు ఒక సమానరూపము నేర్పరుప బూనిరి. ఆ నియమములు 1979లో వెలువడినవి. ఆధారసూచికల రూపము మాత్రము అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము దిద్దినది. ఆ గ్రంథాలయమే 2007లో ‘సైటింగ్ మెడిసిన్’ రెండవ కూర్పున వెబ్‌సైట్లకును విపులముగా విధి చెప్పినది.

కర్త, శీర్షిక, చదరపు కుండలీకరణములలో ‘ఇంటర్నెట్’ అను మాట, ప్రచురణస్థలము, ప్రచురణకర్త, ప్రచురించిన తేదీ, సవరించిన తేదీ, చూచిన తేదీ, తుదకు చిరునామా: ఇదియే క్రమము. వీనిలో ప్రాణప్రదమైనది చూచిన తేదీ. అచ్చుపుస్తకమున 40వ పుట రేపును 40వ పుటయే. వెబ్‌పేజీ యట్లు గాదు. ఔషధపు మోతాదు నొక వెబ్‌పేజీ నుండి గ్రహించి వ్రాసినపుడు, పిమ్మట ఆ అంకె మారినచో, తప్పు వ్యాసకర్తదో పేజీదో తేల్చుటకు ఆ తేదీయే సాక్షి. కాని సాక్షి పోయిన పేజీని తిరిగి తేజాలదు. మూడు ప్రముఖ పత్రికలలోని అంతర్జాల ఆధారములను పరిశీలించి 2003లో ‘సైన్స్’ పత్రిక ప్రకటించిన వ్యాసము ననుసరించి, 3 నెలలకు 3.8 శాతము, 27 నెలలకు 13 శాతము చిరునామాలు పనిచేయకుండెను. కావున ఇంటర్నెట్ ఆర్కైవు వంటిచోట పేజీ ప్రతిని నిలిపి, ఆ చిరునామాను గూడ చేర్చుట యుక్తము.

ప్రచురణస్థలమును గోరుట మాత్రము పుస్తకయుగపు అలవాటు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పద్ధతిలో వెబ్‌పేజీకి ఊరిపేరు అడుగరు, అది మేలు.

తెలుగువారికి చిక్కు పేర్లయొద్ద వచ్చును. ఇంటిపేరు ముందు, పొడి అక్షరములు వెనుక అను నియమము మన వాడుకకు దగ్గరిదే. అయినను ఫలితము తలక్రిందులైనది. యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కూడి 1925లో భాస్వరపు పరిమాణనిర్ణయమును గూర్చి ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసము నేటి సూచికలలో ‘సుబ్బారో వై’ పేర నున్నది. ఇంటిపేరు ఒక్క యక్షరమైనది, పెట్టినపేరు ఇంటిపేరి స్థానము నెక్కినది! తమిళనాట స్థిరపడిన తెలుగువారిలో పలువురు తండ్రిపేరి మొదటి యక్షరమునే వాడుదురు. వారికి ఇంటిపేరు చూపుమన్న నియమమే పొసగదు. ఒకే వైద్యుడు పత్రికలో నొకరీతిగను, ఆసుపత్రి వెబ్‌సైటులో వేరొకరీతిగను కనబడినచో సూచికలో ఇద్దరగును. కావున పేరు నెట్లు విడదీయవలెనో కర్తయే నిర్ణయించి, అన్నిచోట్ల నొక్కతీరుగ వాడుట మంచిది.

తెలుగు వెబ్‌పేజీల శీర్షికలను రోమను లిపిలోనికి మార్చవలెను, లేదా అనువదింపవలెను. చివర భాషపేరు చేర్చవలెను. ఈ నియమము ఇతరభాషల పాఠకునకు ఉపకరించును గాని, పేజీని వెదకువానికి చాలదు. తకారమును కొందరు ఒక రోమను అక్షరముతోను, కొందరు రెంటితోను వ్రాయుదురు; దీర్ఘములు తరచు లోపించును. చిరునామా చెడినపుడు వెదకుటకు మిగులునది శీర్షిక యొక్కటియే. అదియు తెలుగు లిపిలో లేనిచో పేజీ చిక్కదు. రోమను రూపము ప్రక్కనే మూలశీర్షికను తెలుగు లిపిలో నిచ్చుటకు నేటి ముద్రణయంత్రములలో అడ్డంకి యేమియు లేదు.