విస్కీ పక్కన కంచం

మన తెలుగువాళ్ల సిట్టింగుల్లో అన్నం చివరికి వస్తుంది. ముందు సీసా, సోడాలు, ఒక ప్లేటులో వేయించిన పల్లీలు, ఇంకో ప్లేటులో చికెన్ ముక్కలు. రెండో పెగ్గుకి ముక్కలు అయిపోతాయి. "ఇంకోటి వేద్దాం, తర్వాత తిందాం" అని ఎవరో ఒకరు అంటారు. పదకొండు దాటాక బిర్యానీ పొట్లం విప్పే వేళకి దాని రుచి పట్టే నాలుక ఎవరికీ మిగలదు. ఇంట్లో వండిపెట్టిన కూర మీద మూత అలాగే ఉండిపోతుంది. ఈ అలవాటు మీద నాకు చాలాకాలంగా కోపం. బెంగళూరులో ఈ మధ్య వచ్చిన చిన్న విస్కీ బార్లు నాకింత నచ్చడానికి ఆ కోపమే సగం కారణం.

ఇందిరానగర్ పన్నెండో మెయిన్ చుట్టుపక్కల, లావెల్ రోడ్డు వైపు ఇలాంటివి కనిపిస్తాయి. పట్టుమని ఇరవైమంది పట్టని గది. గోడకి టీవీ ఉండదు. పొడుగాటి బల్ల వెనక ఒకవైపు సీసాలు, ఇంకోవైపు పొయ్యి. పోసే మనిషీ వండే మనిషీ ఇద్దరూ మన ఎదురుగానే ఉంటారు. తిండిని ఆసియా ఫ్యూజన్ అంటారు: జపాన్ సోయా ముద్ద మిసో రాసి కాల్చిన వంకాయ, కొడగువాళ్ల పులుపు కాచంపులి వేసి నిదానంగా ఉడికించిన పంది మాంసం, అది పెట్టుకోవడానికి ఆవిరి మీద ఉడికిన మెత్తటి బావ్ బన్నులు, గోచుజాంగ్ అనే కొరియా మిరప ముద్ద పట్టించిన రొయ్యలు. ప్లేటుకి మూడు ముక్కలో నాలుగో. కొత్తగా వెళ్లినవాళ్లు ఇంత తక్కువా అని నొచ్చుకుంటారు. కిటుకంతా ఆ తక్కువలోనే ఉంది. ఒక ప్లేటు అయ్యి ఇంకోటి వచ్చేలోపు గ్లాసు మారుతుంది, లేదా అదే గ్లాసులో నీళ్ల వంతు మారుతుంది. పోసేవాడు పొయ్యి వైపు చూస్తాడు, వండేవాడు మన గ్లాసు వైపు చూస్తాడు. పెద్ద బార్లలో గ్లాసు ఖాళీ అయ్యాక తిండి వస్తుంది, తిండి చల్లారాక గ్లాసు వస్తుంది. ఇక్కడ ఆ ఇద్దరి మధ్య రెండడుగుల దూరమే కాబట్టి ఆ బాధ లేదు.

నేను ఎక్కువగా వెళ్లేచోట వంట చేసే కుర్రాడిది మదనపల్లె. నాది తెలుగని తెలిశాక బల్ల మీదుగా వంగి తెలుగులోనే మాట్లాడతాడు. ఒక సాయంత్రం పచ్చిమిర్చి ముద్ద పట్టించి వేయించిన కోడి ముక్కలు నా ముందు పెడుతూ, నా చేతిలో నీళ్లు కలపని గ్లాసు చూసి ఆగాడు. "సార్, దీంతో నీట్ వద్దు. నోరు మండిపోతాది. సోడా పోసిస్తా, తిని చూడండి."

అతను చెప్పిన దాని వెనక గట్టి శాస్త్రమే ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ మన నోట్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. మామూలుగా ఆ గ్రాహకం 42 డిగ్రీల సెల్సియస్ దాకా పలకదు. ఆల్కహాలు తగిలితే ఆ హద్దు సుమారు 34 డిగ్రీలకి దిగిపోతుందని 2002లో ‘నేచర్ న్యూరోసైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మన ఒంటి వేడే 37. అంటే విస్కీ తగిలిన నోటికి సొంత వేడి కూడా మంటే. దాని మీద మిరప పడితే రెండు మంటలూ ఒకేచోట కలుస్తాయి, ఇక మాంసం రుచీ తెలియదు, మాల్టు వాసనా తెలియదు. గుంటూరు కారం తిని పెరిగినవాళ్లం కాబట్టి తట్టుకుంటాం. కానీ తట్టుకోవడానికీ రుచి చూడటానికీ చాలా తేడా ఉంది.

నీళ్లు కలిపితే విస్కీ పాడైపోతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నీట్‌గా తాగేవాడే అసలైన మొనగాడు! కానీ లెక్కలు మరోలా చెబుతున్నాయి. పీట్ అనే బురదనేల మట్టితో పొగ పెట్టిన విస్కీకి ఆ వాసన ఇచ్చే పదార్థాల్లో గ్వయకాల్ ఒకటి. ఆల్కహాలు ఎక్కువగా ఉన్నప్పుడు దాని అణువులు లోపల్లోపలే చిక్కుకుని ఉంటాయనీ, నీళ్లు కలిపి పలచన చేస్తే పైకి, గాలి తగిలేచోటికి చేరతాయనీ స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో కంప్యూటర్ లెక్కలతో చూపించారు. మొనగాళ్ల ముక్కుకి సగం వాసన అందడం లేదన్నమాట.

ఈ ఊళ్లో కూర్చుని విస్కీ గురించి రాస్తూ అమృత్ మాట ఎత్తకుండా ఉండలేను. 1948లో రాధాకృష్ణ జగ్‌దాలే మొదలుపెట్టిన కంపెనీ అది. డిస్టిలరీ ఇప్పుడు మైసూరు రోడ్డు వైపు కంబిపురలో ఉంది. ఆయన మనవడు రక్షిత్ ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఎంబీఏ చదువుతున్నప్పుడు ఒక ప్రశ్న పట్టుకుని అక్కడి ఇండియన్ రెస్టారెంట్లు తిరిగాడు: కూరలతో పాటు మన దేశపు సింగిల్ మాల్ట్ పోస్తే జనం తాగుతారా? తండ్రి నీలకంఠరావు జగ్‌దాలే ఇచ్చిన ఆలోచన అది. 2004 ఆగస్టు 24న అమృత్ సింగిల్ మాల్ట్ లోకానికి పరిచయమైంది స్కాట్లాండులోని గ్లాస్గోలో, కెఫే ఇండియా అనే రెస్టారెంటులో. మన ఈ సింగిల్ మాల్టుని కన్నవాళ్లు దాన్ని భోజనం బల్ల మీదే ఊహించుకున్నారని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బెంగళూరు దుకాణాల్లోకి అది 2010లో గానీ రాలేదు. అదే ఏటి ‘విస్కీ బైబిల్’లో విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే అమృత్ ఫ్యూజన్‌కి 97 మార్కులిచ్చి ప్రపంచంలో మూడో మేటి విస్కీ అన్నాడు. మన బార్లీనీ, స్కాట్లాండు పీట్ పొగ పట్టిన బార్లీనీ కలిపి చేసిన 50 శాతం సరుకు అది.

బెంగళూరు ఎండకి పీపాలోంచి ఏడాదికి పది, పన్నెండు శాతం ఆవిరైపోతుంది. స్కాట్లాండులో రెండు శాతం. అందుకే ఇక్కడి విస్కీ అయిదారేళ్లకే ముదురుతుంది, కొయ్య రుచి త్వరగా పడుతుంది. ఆ గట్టిదనం సోయాకీ, పులియబెట్టిన మిసోకీ, కాచంపులి పులుపుకీ ఎదురు నిలుస్తుంది. సుకుమారమైన స్కాచ్‌లు ఆ తిండి ముందు నీరుగారిపోవడం ఎన్నోసార్లు చూశాను.

విస్కీని భోజనం పక్కకి చేర్చే చిక్కుని జపాన్‌వాళ్లు మనకంటే ముందే విప్పారు. మసతక తకెత్సురు 1918లో స్కాట్లాండు వెళ్లి, గ్లాస్గోలో రసాయనశాస్త్ర పాఠాలు విని, డిస్టిలరీల్లో చేతిపని నేర్చుకుని తిరిగొచ్చాడు. షింజిరో తోరీ 1923లో పునాది వేసిన యమజాకి డిస్టిలరీలో పనిచేశాడు. తర్వాత సొంతంగా నిక్కా పెట్టాడు. సరుకు బాగున్నా, చాపల మీద కూర్చుని చేపలు తినే జనం విస్కీని భోజనంలోకి రానివ్వలేదు. 1970ల్లో తోరీ పెట్టిన సంటోరీ కంపెనీ పనిగట్టుకుని సుషీ కొట్లలోకీ జపనీస్ వంట హోటళ్లలోకీ విస్కీని తీసుకెళ్లింది. చల్లటి నీళ్లు బాగా కలిపిన మిజువారీ, సోడా కలిపిన హైబాల్ అన్నం పక్కకి చేరాయి. ఒక పాలు విస్కీకి మూడు నాలుగు పాళ్ల సోడా పోసి ఐసు నిండా వేస్తే అది ముద్దకీ ముద్దకీ మధ్య నోరు కడుగుతుంది. మదనపల్లె కుర్రాడు నాకు పోసిచ్చింది అదే.

ఫ్యూజన్ పేరుతో జరిగేదంతా నాకు ఇష్టమేమీ కాదు. ప్రతిదాని మీదా తియ్యటి గోచుజాంగ్ పూసే చోట్లు ఉన్నాయి. పచ్చి చేప పక్కన పొగ వాసన విస్కీ పెట్టి అదే గొప్ప అనేవాళ్లున్నారు, ఆ పొగ ముందు చేప ఊసే ఉండదు. మంచి ఫ్యూజన్‌కి ఈ ఊరు ఎప్పటి నుంచో ఇల్లు. కోల్‌కతా చైనీయుల వంటింట్లోంచి వచ్చిన నెల్సన్ వాంగ్ 1975 ప్రాంతంలో ముంబైలో మొదట వండాడని చెప్పే చికెన్ మంచూరియా, బెంగళూరు చేరాక గోబీ మంచూరియాగా ప్రతి వీధి మొగలోనూ నిలబడింది. ఆంధ్రా చిల్లీ చికెన్ సంగతి మరీ ముచ్చట. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున మొదలుకొని ఇక్కడి ఆంధ్రా హోటళ్లన్నిట్లో దొరికే ఆ పచ్చిమిర్చి కోడి, ఆ రూపంలో నాకు గుంటూరులో ఎక్కడా కనిపించలేదు. వలస వచ్చిన మనవాళ్లు ఈ ఊరి నాలుక కోసం తయారుచేసుకున్న వంట అది. చిన్న బార్లలో బావ్ మధ్యలో పెడుతున్నది కూడా దాన్నే.

తెలుగులో మందు గురించి రాసేవాళ్లు దూబగుంటను మర్చిపోకూడదు. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఆ చట్టం సడలింది గానీ, వాళ్లు దేనిమీద తిరగబడ్డారో అది అబద్ధమైపోలేదు. కూలి డబ్బు ఇల్లు చేరక ముందే ఖర్చైపోయే తాగుడు, ఖాళీ కడుపు మీద పడి కొట్టే తాగుడు. ఖరీదైన గ్లాసుల్లో పోసినంత మాత్రాన ఆ చేటు పోదని నాకు తెలుసు. అయినా తిండితో కలిపి తాగితే ఆల్కహాలు నెమ్మదిగా రక్తంలోకి వెళుతుంది, మనిషి మాట నిలుపుకుంటాడు, లేచి వెళ్లాల్సిన వేళ తెలుసుకుంటాడు. ఆ బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని భోంచేసి, ఒకే గ్లాసుతో లేచిపోయే ఆడవాళ్లని చూస్తుంటాను. వాళ్లని ఎవరూ తేరిపార చూడరు. మా ఊళ్లో బార్ అండ్ రెస్టారెంట్ అని బోర్డు ఉన్న ఏ గదిలోనూ అది జరగదు.

విజయవాడలోనో కర్నూలులోనో ఎవరైనా ఇలాంటి బల్ల పెడితే బాగుండునని ఉంది. మిసో కోసం, గోచుజాంగ్ కోసం వెతుక్కోనక్కర్లేదు. పులుపుకి గోంగూర ఉంది, ఘాటైన వాసనకి ఎండు రొయ్యలున్నాయి, కొవ్వుకి వేటమాంసం ఉంది. గోంగూర మాంసానికి షెర్రీ పీపాలో ముదిరిన విస్కీ, సగానికి సగం నీళ్లతో. ఎండు రొయ్యల వేపుడికి సోడా నిండా పోసిన హైబాల్. చేపల పులుసు దగ్గరే మాకు పేచీ. చింతపండు ముందు ఏ మాల్టూ ఆగదని మదనపల్లె కుర్రాడి వాదన. రాత్రి పెట్టిన పులుసు మర్నాడు పులుపు సర్దుకున్నాక, పొగ వాసన ఉన్న విస్కీని బాగా పలచన చేసి పక్కన పెడితే కుదురుతుందని నా వాదన. వచ్చే ఆదివారం బార్ తెరవక ముందు రమ్మన్నాడు, కొర్రమీను తానే తెస్తానన్నాడు.