అనూదిత వర్గాలు – సమానార్థక సమస్య: గోదావరి సీమ సాహిత్యం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

బహుభాషా వెబ్‌సైటులో ఒక వ్యాసాన్ని ఏ వర్గంలో చేర్చాలన్నది నిర్వాహకుల పనిగా మాత్రమే చూడటం మనకు అలవాటు. ఆంగ్ల వర్గానికి తెలుగు పేరు పెట్టి, రెండింటినీ భాషాంతర లింకుతో కలిపితే పని ముగిసిందనుకుంటాం. కాని సాహిత్య పరిశోధకులు తమ ప్రాథమిక జాబితాలకు ఇలాంటి వర్గాలను ఆశ్రయిస్తున్నప్పుడు, వర్గంలో చేరని రచన పరిశోధన పరిధిలోకే రాకుండా పోతుంది. తప్పు వర్గంలో చేరిన రచన మరో చరిత్రలో భాగమవుతుంది. అందువల్ల వర్గానువాదం సాహిత్య విమర్శ పరిధిలోకి వచ్చే విషయం. గోదావరి సీమకు చెందిన మూడు ఉదాహరణలతో దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వచన ప్రబంధం – నవల

కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో ధారావాహికగా వెలువడి, 1880లో పుస్తకరూపం పొందింది. గోల్డ్‌స్మిత్ రచన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దీనికి ప్రేరణ. 1887లో జె.ఆర్. హచిన్‌సన్ చేసిన ఆంగ్లానువాదం 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో లండన్‌లో అచ్చయింది. నేడు ఏ బహుభాషా వెబ్‌సైటైనా దీనిని 'తెలుగు నవలలు' అనే వర్గంలో చేర్చడం సహజం. అయితే రచయిత దీనిని 'వచన ప్రబంధము' అన్నారు. 1890లలో రాజమండ్రి నుంచి వెలువడిన 'చింతామణి' పత్రిక పోటీల కాలానికీ ఈ మాటే వాడుకలో ఉంది. 'నవల' అనే పేరు తరువాత స్థిరపడింది.

ఇక్కడ పేరుతోపాటు ప్రక్రియను గురించిన అవగాహన కూడా మారుతుంది. ధవళేశ్వర వర్ణనతో మొదలయ్యే ఈ రచనను 'నవల'గా చదివితే ఆ వర్ణన కథకు నేపథ్యం. 'ప్రబంధం'గా చదివితే అది పురవర్ణన సంప్రదాయానికి వచనంలో కొనసాగింపు. ఆంగ్ల వర్గాన్ని యథాతథంగా అనువదించినప్పుడు రెండో పఠనానికి దారి మూసుకుపోతుంది. 'నవల' వర్గాన్ని తొలగించాలని దీని అర్థం కాదు. పాఠకుడు వెతికేది ఆ మాటతోనే. 'వచన ప్రబంధాలు' అనే వర్గం కూడా దాని పక్కన ఉండాలన్నదే ఇక్కడి ప్రతిపాదన.

2. జోడీ లేని వర్గం

తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కడియంలోనూ, దివాకర్ల తిరుపతిశాస్త్రి భీమవరం దగ్గరి యండగండిలోనూ జన్మించారు. వారి ఖ్యాతికి మూలమైన అవధానానికి సరిపోయే ఆంగ్ల వర్గం లేదు. దానిని 'కవిత్వం'లో చేరిస్తే ధారణ, ఏకాగ్రత, పృచ్ఛకుల పాత్ర మరుగున పడతాయి. 'ప్రదర్శన కళలు'లో చేరిస్తే ఆశువుగా చెప్పే పద్యం మరుగున పడుతుంది. ఆంగ్ల పట్టికను మూలంగా తీసుకునే విధానంలో ఇలాంటి వర్గానికి చోటే దొరకదు. కనుక భాషాంతర లింకు లేని వర్గాన్ని అసంపూర్ణమైనదిగా భావించకూడదు. ఆ ఖాళీ కూడా రెండు సాహిత్యాల మధ్య భేదాన్ని తెలిపే సమాచారమే.

3. జిల్లా అనే వర్గం

చిలకమర్తి లక్ష్మీనరసింహం 1867లో ఖండవల్లిలో జన్మించారు. అప్పటికి ఆ ఊరు 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఉంది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన పునర్విభజనలో తూర్పు గోదావరిలోకి వచ్చింది. 'పశ్చిమ గోదావరి జిల్లా రచయితలు' అనే వర్గంలో చిలకమర్తిని ఉంచాలా, మార్చాలా? వర్గం పేరు మార్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. ఎందుకంటే 'తూర్పు గోదావరి' అనే పేరు అలాగే ఉండి, దాని పరిధి మారింది. ఒక భాషా విభాగంలో ఈ మార్పు జరిగి మరో దానిలో జరగకపోతే, లింకు కలిపిన రెండు వర్గాలూ వేర్వేరు భూభాగాలను సూచిస్తాయి.

4. నిర్వహణ మార్గాలు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైంది. ప్రతి భాషా వికీపీడియాకూ తనదైన వర్గవృక్షం ఉండటం మేలైన ఏర్పాటు. వాటిని కలిపే వికీడేటాలో మాత్రం ఒక్కో అంశానికి ఒక్కో భాషా వికీపీడియా నుంచి ఒకే పుట జతపడుతుంది. అంటే ఆంగ్లంలోని 'తెలుగు నవలలు' వర్గానికి మన 'నవలలు', 'వచన ప్రబంధాలు' రెండింటినీ జతచేయడం కుదరదు. వికీమీడియా కామన్స్‌లో వర్గాల పేర్లు ప్రధానంగా ఆంగ్లంలోనే ఉంటాయి. అక్కడ తెలుగు పాఠకుడు వర్గాల దాకా చేరాలంటే ఆంగ్లం ద్వారానే వెళ్లాలి.

దీనికి ప్రత్యామ్నాయం ఉంది. 2009లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించిన స్కాస్ ప్రమాణం భావనను, దాని పేరును వేరుచేస్తుంది. రెండు పట్టికల్లోని భావనల మధ్య సంబంధాన్ని 'సమానం', 'సన్నిహితం', 'విస్తృతం', 'సంకుచితం' అని వేర్వేరుగా గుర్తించే వీలు కల్పిస్తుంది. దీని ప్రకారం 'వచన ప్రబంధం', 'నవల' సన్నిహితాలు. 'అవధానం'కంటే 'ప్రదర్శన కళ' విస్తృతం. జిల్లా విషయంలో జన్మస్థలాన్ని ఊరి పేరుతో నమోదుచేసి, ఆ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో తేదీలతో విడిగా చూపితే వర్గాన్ని ఎప్పుడైనా తిరిగి కూర్చుకోవచ్చు.

ఈ పద్ధతిలో శ్రమ ఎక్కువ. ప్రతి సంబంధాన్నీ సాహిత్యం తెలిసినవారు నిర్ణయించాలి. స్థానిక వర్గాలు అతిగా పెరిగితే ఒకటి రెండు పుటలతోనే మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. ఆ ఊరికో, ఆ ప్రక్రియకో తగినన్ని వ్యాసాలు ఉన్నప్పుడే ప్రత్యేక వర్గం ఏర్పరచడం మంచిది.

ముగింపు

అనువదించిన వర్గం కొత్త పాఠకుడికి దారి చూపుతుంది. అయితే మూలభాషలోని విభజనే సార్వత్రికమనే భావనను కూడా కలిగిస్తుంది. 'నవలలు' జాబితా నుంచి లెక్క మొదలుపెట్టే పరిశోధకుడు, ఆ జాబితాలోని తొలి రచనలు తమను తాము ఏమని పిలుచుకున్నాయో ముందుగా చూడాలి. ఆ పిలుపుకు వెబ్‌సైటులో చోటు కల్పించడం తెలుగు అధ్యాపకులు, పరిశోధకులు స్వయంగా చేయవలసిన పని.