గాయము, విలాపము, స్వస్థత: 'గబ్బిలం' నుండి చుండూరు వరకు ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతము

తెలుగు సంఘాలలో 'స్వస్థత' అనే మాటకు ఎంతో ఆదరణ ఉన్నది. స్వస్థత కూడికలకు గోడపత్రికలు అంటిస్తాము, రోగుల కొరకు ఉపవాస ప్రార్థనలు ఏర్పాటు చేస్తాము, బాగుపడినవారి చేత సాక్ష్యము చెప్పిస్తాము. ఇది మంచిదే. అయితే గాయము ఒక్క మనిషికి గాక ఒక పల్లె మొత్తానికి తగిలినప్పుడు, అది జ్వరమో పక్షవాతమో గాక తరతరాల అవమానమైనప్పుడు, మన స్వస్థత పరిచర్య ఏమి చెబుతున్నది? చాలాసార్లు చెప్పేది ఒక్కటే: క్షమించండి, మరచిపోండి, ప్రార్థించండి. ఈ సలహా నిజముగా వాక్యానుసారమైనదేనా అన్నది ఈ వ్యాసములో పరిశీలించదలచిన ప్రశ్న.

ఇందుకు గుర్రం జాషువ 'గబ్బిలం' (1941) కావ్యాన్ని ఆధారముగా తీసుకుంటున్నాము. దేవుని యెదుట ఫిర్యాదు చేయడము స్వస్థతకు ఆటంకము కాదు, అది స్వస్థతకు ఆరంభము. విన్నవారు కదిలి, గాయపరచిన పరిస్థితిని మార్చినప్పుడే ఆ స్వస్థత సంపూర్ణమవుతుంది. ఇదే మా వాదన.

1. 'గబ్బిలం' ఒక విలాప ప్రార్థన

జాషువ 1895లో వినుకొండలో జన్మించారు. 'గబ్బిలం' సందేశ కావ్యము. కాళిదాసు మేఘదూతములో యక్షుడు తన ప్రియురాలికి మేఘము ద్వారా కబురు పంపుతాడు. ఆ సంప్రదాయాన్ని జాషువ తీసుకొని అందులోని మనిషిని మార్చివేశారు. ఇక్కడ కబురు పంపేవాడు ఆకలిగొన్న ఒక అంటరానివాడు. కబురు అందుకోవలసినవాడు శివుడు. మోసుకుపోయేది గుడిసెలోకి వచ్చిన గబ్బిలము. లోకము దానిని అశుభమని తరుముతుంది, కాని అది గుడి కప్పుకు వ్రేలాడగలదు. మనిషియై పుట్టిన ఇతడు ఆ గుడి గడప తొక్కలేడు. అందుకే పూజారి దగ్గర లేని సమయము చూచి తన బాధ దేవుని చెవిని వేయమని దానిని బ్రతిమాలుకుంటాడు.

పాతనిబంధనలోని విలాప కీర్తనలను చదివినవారికి ఈ నిర్మాణము క్రొత్తది కాదు. దేవుని పిలవడము, బాధను విప్పి చెప్పడము, జోక్యము చేసుకొమ్మని అడగడము: ఈ మూడు అంశాలూ ఇందులో ఉన్నాయి. చాలా విలాప కీర్తనలు చివరకు స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన మాత్రము చీకటిలోనే ముగుస్తుంది. 'గబ్బిలం' ఆ కీర్తనకు దగ్గరగా ఉన్నది. జవాబు రాలేదు గనుక అది ప్రార్థన కాదని అనలేము. యోబు అడిగిన కఠినమైన ప్రశ్నలను దేవుడు తప్పుపట్టలేదు. దేవుని పక్షమున వాదించామనుకున్న స్నేహితులనే ఆయన తప్పుపట్టాడు (యోబు 42:7).

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. శివునికి పంపిన విన్నపముతో క్రైస్తవ వేదాంతానికి ఏమి పని? 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన 'క్రీస్తు చరిత్ర'ను సొంతము చేసుకున్నంత సులభముగా సంఘము 'గబ్బిలం'ను సొంతము చేసుకోలేకపోవడానికి ఇదొక కారణము. మా అభిప్రాయములో ఇందులోని నేరారోపణ దేవుని మీద గాక, దేవుని తమ ఆస్తిగా చేసుకొని తలుపు వేసినవారి మీద ఉన్నది. అలా చదివితే అది మనకు కూడా తగులుతుంది. ఒకే పల్లెలో మాల సంఘము వేరుగా, మాదిగ సంఘము వేరుగా ఉన్నచోట, పూజారి లేని వేళ కొరకు ఎదురు చూచే గబ్బిలము మన మందిరపు కప్పు మీద కూడా ఉన్నదని ఒప్పుకొనవలసి ఉన్నది.

మరొక విషయము గమనింపదగినది. గబ్బిలానికి దారి చెబుతూ కవి ఈ దేశపు నదులను, పట్టణాలను, వీరులను ప్రేమతో వర్ణిస్తాడు. తనను వెలివేసిన నేలనే తనదిగా చెప్పుకుంటాడు. గాయపడినవాడు సమాజాన్ని ద్వేషించి దూరము జరగడము లేదు. అందులో తన చోటు అడుగుతున్నాడు. ఫిర్యాదు చేసేవారిని విభజన తెచ్చేవారిగా చూచే మన అలవాటుకు ఇది చక్కని సమాధానము.

2. చెప్పుకొనే చోటు

మనస్తత్వ శాస్త్రము 'ట్రామా' అని పిలిచే లోతైన గాయము గూర్చి జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన గ్రంథము కోలుకొనే క్రమాన్ని మూడు దశలుగా వివరించినది. మొదట భద్రత, తరువాత జరిగినదానిని జ్ఞాపకము చేసుకొని దుఃఖించడము, ఆ పిమ్మట తిరిగి మనుష్యులతో సంబంధము. రెండవ దశను దాటవేసి మూడవదానికి చేరుకోవడము సాధ్యము కాదు. మన దేశములో దళిత వేదాంతానికి పునాది వేసినవారిలో ఒకరైన అరవింద్ పి. నిర్మల్ కూడా వేదన అనుభవమునుండే వేదాంతము మొదలు కావాలని, ఆచరణకు ముందే ఆ వేదన ఉన్నదని వాదించారు.

మార్కు సువార్త ఈ సంగతిని ఒక కథగా చెబుతుంది (5:25-34). పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ యేసు వస్త్రము ముట్టిన వెంటనే శరీరములో బాగుపడినది. మన సాక్ష్యాలు ఇక్కడ ముగుస్తాయి. యేసు ఇక్కడ ముగించలేదు. జనసమూహములో ఆగి, ఆమె ఎవరని అడిగి, ఆమె చేత సంగతి అంతా చెప్పించి, ఆ తరువాతనే ఆమెను కుమార్తె అని పిలిచి సమాధానముతో పంపాడు. వ్యాధి పోవడము ఒకటి, అపవిత్రురాలని పేరుపడిన మనిషి అందరి యెదుట నోరు తెరచి కుటుంబములో చేరడము మరొకటి. రెండవదానిని కూడా యేసు స్వస్థతలో భాగముగానే ఎంచాడు.

ప్రజల గాయాన్ని పైపైన మాన్పి, సమాధానము లేనిచోట సమాధానమున్నదని పలికిన యాజకులను, ప్రవక్తలను యిర్మీయా గద్దించాడు (6:14). దళిత క్రైస్తవుల విషయములో ఈ గద్దింపు రెండు వైపుల నుండి వర్తిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. అంటే చట్టము యెదుట గాయాన్ని చూపాలంటే విశ్వాసాన్ని దాచుకోవాలి. సంఘము యెదుట విశ్వాసాన్ని చూపాలంటే గాయాన్ని దాచుకోవాలి. ఈ రెండు మౌనాల మధ్య నలిగినవానికి స్వస్థత ఎక్కడ దొరుకుతుంది?

3. ఒంటరి విన్నపమునుండి ఊరి నడుమకు

'గబ్బిలం'కు ఒక పరిమితి ఉన్నది. అందులో కథానాయకుడు ఒంటరి. అతని బాధను వినడానికి ఒక గబ్బిలము తప్ప పల్లె కనబడదు. 2000లో వెలువడిన జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం'లో ఈ లోటు తీరినది. అక్కడ రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకము ద్వారా తరతరాల కథ నడుస్తుంది. ఒకరి గాయము అందరి చరిత్ర అవుతుంది. అయితే రూతు విశ్వాస జీవితము ఆ జ్ఞాపకానికి ఏ బలమునిచ్చినదో నవల ఇంకా లోతుగా పరిశీలించి ఉండవలసినదని మా విమర్శ. పోరాటము వైపు నడిచే త్వరలో ప్రార్థనకున్న ఎదిరించే శక్తి కొంత మరుగున పడినది.

జ్ఞాపకము ఊరి నడుమకు ఎలా వస్తుందో చూడటానికి కావ్యాలు దాటి వెళ్లవలసి ఉన్నది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. త్రాగునీటి చెరువును మురికి చేయడము తగదన్న మాటతో ఆ గొడవ మొదలైనది. బ్రతికినవారు చీరాలకు తరలిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచులలో కట్టి కాలువలో వేశారు. చనిపోయినవారిలో బైబిలు పేర్లు గలవారు ఉన్నారు. ఈ రెండు ఊళ్లూ 2022 నుండి ఒకే బాపట్ల జిల్లాలో ఉన్నాయి.

చుండూరు దళితులు తమ మృతులను ఎప్పటివలె ఊరి వెలుపల గాక ఊరి నడుమ పాతిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రము అని పేరు పెట్టుకున్నారు. న్యాయస్థానము తమ ఊరికే రావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. ఇది రిస్పాను జ్ఞాపకము చేస్తుంది (2 సమూయేలు 21:1-14). రాజకీయ ఒప్పందములో ఉరితీయబడిన ఏడుగురి శవాల యొద్ద ఆమె బండ మీద గోనెపట్ట పరచుకొని, కోతకాలము మొదలు వర్షము కురిసేవరకు, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను దగ్గరకు రానీయలేదు. ఒక్క మాట కూడా ఆమె పలికినట్టు వ్రాయబడలేదు. కాని ఆ సంగతి రాజుకు చేరినది. దావీదు ఎముకలను సమకూర్చి సమాధి చేయించాడు. ఆ తరువాతనే దేశము కొరకైన ప్రార్థనను దేవుడు ఆలకించాడని వాక్యము చెబుతుంది. ఏడుగురిని అప్పగించినప్పుడు గాని, ఉరితీసినప్పుడు గాని అలా చెప్పలేదు. ఒక తల్లి దుఃఖము బహిరంగమై, పాలకుడు దానికి లోబడిన తరువాత చెప్పినది.

4. న్యాయము ఆలస్యమైనప్పుడు

2007 జూలై 31న చుండూరులోని ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ శిక్షను, 35 మందికి ఏడాది శిక్షను విధించినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షపడిన వారందరినీ నిర్దోషులుగా విడుదల చేసినది. దాని మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కారంచేడు విషయములో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చేసరికి 23 సంవత్సరాలు గడిచాయి. ఇటువంటి స్థితిలో ఆ కుటుంబాల యెదుట నిలిచి క్షమాపణ గూర్చి ప్రసంగించడము ఎంత బరువైన పనో బోధకులు ఆలోచించాలి.

క్షమాపణ సువార్తకు కేంద్రము. దానిని మేము తక్కువ చేయడము లేదు. అయితే క్షమించడము గాయపడినవాని చేతిలోని వరము. దానిని గాయపడనివారు వసూలు చేయకూడదు. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చినదని యేసు చెప్పినది అతడు అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలు తిరిగి ఇస్తానన్న తరువాతనే (లూకా 19:8-9). పునరుత్థానుడైన ప్రభువు కూడా గాయాలు చెరిపివేసుకొని రాలేదు. చేతులు, ప్రక్క చూపించి తోమాను పిలిచాడు (యోహాను 20:27). మహిమ శరీరములో గాయానికి చోటున్నప్పుడు మన ఆరాధనలో దానికి చోటు లేకపోవడము వింత.

ముగింపు

ఈ పరిశీలనను బట్టి మూడు పనులు సంఘము ముందు ఉంచుతున్నాము. ఒకటి, స్తుతికి, సాక్ష్యానికి ఉన్నట్లే సామూహిక విలాపానికి ఆరాధన క్రమములో సమయము కేటాయించాలి. జూలై 17కు, ఆగస్టు 6కు దగ్గరి ఆదివారాలలో మృతుల పేర్లు చదివి దుఃఖించవచ్చును. రెండు, వేదాంత కళాశాలలలో కాపరి పరిచర్య నేర్చుకొనే విద్యార్థులు విలాప కీర్తనలతో పాటు 'గబ్బిలం' చదవాలి. రోగికి ప్రార్థన చేయడముతో పాటు బాధితుని మాట అడ్డుపడకుండా వినడము నేర్చుకోవాలి. మూడు, సాక్షులు న్యాయస్థానానికి వెళ్లే రోజున కాపరి వారి ప్రక్కన నడవాలి. అది రాజకీయము కాదు, పరిచర్య.

జాషువ కథానాయకుడు తన విన్నపము మోయడానికి మనిషి దొరకక గబ్బిలాన్ని వెదుక్కున్నాడు. ఆ విన్నపము ఇప్పుడు సంఘము ముంగిట ఉన్నది. దానిని మోయడానికి సంఘము సిద్ధపడినప్పుడే స్వస్థత అనే మాటను కారంచేడులో, చుండూరులో ధైర్యముగా పలకగలము.